గోదాం ఒక్కపొద్దు

2023 జనవరి 18, బుధవారం. ఆర్మూరులో మా షుగర్ క్లినిక్ ఒక మందుల దుకాణం పై అంతస్తులో ఉంటుంది. మెట్లు పద్దెనిమిది. కాలి పుండుతో వచ్చేవాళ్లకు అవి ఎక్కువే అని డాక్టరు గారికి చాలాసార్లు చెప్పాను. అక్కడ నేను సోమ, బుధ, శుక్రవారాలు డైట్ సిస్టర్‌గా కూర్చుంటాను. ఎవరు ఏం తినాలో, ఎంత తినాలో, ఎప్పుడు తినాలో చెప్పడం నా పని. అంతకుముందు ముప్పై ఒక్క ఏళ్లు ప్రభుత్వ కొలువులో చేశాను. అందులో మొదటి పదకొండు ఏళ్లు నందిపేట్ దిక్కు ఒక పల్లెలో సబ్ సెంటర్ నర్సుగా, మిగిలిన ఇరవై పెద్ద దవాఖానలో. రిటైరయ్యాక ఇంట్లో కూర్చోబుద్ధి కాలేదు.

నా బల్ల మీద మూడు వస్తువులు ఉంటాయి. కూరగాయలు తూచే చిన్న ఎలక్ట్రానిక్ కాంటా, రెండు వందల మిల్లీలీటర్లు పట్టే స్టీలు గ్లాసు, నేనే గీతలు గీసుకున్న పొడుగు పుస్తకం. ఆ పుస్తకంలో పేషెంటు పేరు, తేదీ, తిన్న టైము, తిన్నది ఎన్ని గ్రాములు, చేసే పని, నిద్ర అన్నింటికీ గడులు ఉన్నాయి. "ఏదో కొంచెం తిన్న సిస్టర్" అంటే నేను రాసుకోను. ఆ కొంచెం ఎంతో చెప్పేదాకా పెన్ను ఎత్తను. ఈ పద్ధతి వల్ల నన్ను ఇష్టపడేవాళ్లు తక్కువ. కాని నా పుస్తకంలో తప్పు దొరికిన సందర్భాలు ఇంకా తక్కువ అని అప్పటిదాకా అనుకునేదాన్ని.

ఆ బుధవారం వచ్చిన ఆమెను ఇక్కడ గంగమణి అంటాను. అసలు పేరు అది కాదు. రాయడానికి ఆమె ఒప్పుకుంది, పేరు మాత్రం వద్దంది. వయసు నలభై ఆరు. ఊరు ఆర్మూరుకు దగ్గరే. కుడికాలు బొటనవేలి కింద షుగర్ పుండు. నిజామాబాదులో చూపించుకుంటే వేలు తీసేయాల్సి రావచ్చన్నారట. ఆమె అన్నకు మొదట వేలు, తర్వాత పాదం, చివరికి మోకాలి దాకా తీశారు. అందుకని ఆమె మా మెట్లు ఎక్కేటప్పటికే భయంతో సగమై ఉంది.

హెచ్‌బిఎ1సి అనే పరీక్ష ఉంది. గడిచిన మూడు నెలల షుగర్ సగటును అది చెబుతుంది. ఏడు లోపల ఉంటే మేము సంతోషిస్తాం. గంగమణికి 10.4 వచ్చింది. పుండును స్కేలు పెట్టి కొలిచాను. పొడవు 2.1 సెంటీమీటర్లు, వెడల్పు 1.4. డాక్టరు గారు మాత్రలు రాశారు, డ్రెస్సింగ్ చేశారు, ఆమెను నా బల్ల దగ్గరికి పంపారు.

పొద్దున ఏం తింటావని అడిగాను. సద్దన్నం, మామిడికాయ తొక్కు, ఉల్లిగడ్డ అంది. ఎంత అన్నం అంటే రెండు చేతులూ దోసిలి పట్టి చూపించింది. ఆ దోసిలిని గ్రాముల్లోకి మార్చుకుని రాసుకున్నాను. అందులో ఫైబర్ రెండు గ్రాములకు మించదు. ఫైబర్ అంటే పీచు, తిండిలో మన పేగులు అరిగించుకోలేని భాగం. అది చక్కెరను రక్తంలోకి మెల్లగా వదులుతుంది, నీళ్లు పీల్చుకుని ఉబ్బి, మెత్తబడి, మలాన్ని సులువుగా బయటికి తోస్తుంది. ఈ మాట నేను రోజుకు పదిసార్లు చెబుతాను. అంత కంఠస్థమైన మాట కాబట్టే, అందులో ఏముందో నేనే వినడం మానేశానేమో.

ఆమెకు కొత్త పొద్దుటి తిండి రాసిచ్చాను. అరవై గ్రాముల కొర్రల ఉప్మా, యాభై గ్రాముల పెసర్ల మొలకలు, రెండు చెంచాల అవిసె గింజల పొడి, ఉప్మాలో ఒక చెంచా గోధుమ తవుడు. మొత్తం ఫైబర్ సుమారు పదహారు గ్రాములు. రెండు నుంచి పదహారుకు ఒక్కసారిగా ఎక్కించకూడదని, వారం వారం పెంచాలని నాకు తెలుసు. కాని ఆమె వేలు చూశాక ఆగబుద్ధి కాలేదు. నా తొందర అక్కడ మొదలైంది, దాన్ని దాచను.

"సిస్టరమ్మా, నువ్వు గడ్డి తినుమన్నా తింట. నా ఏలు మాత్రం ఉండాలె," అంది.

ఆమె మాట తప్పే మనిషి కాదు. నా గ్లాసులాంటిదే ఒకటి కొనుక్కుని, కొలిచి తిన్నది. జనవరి 27 శుక్రవారం, ఫిబ్రవరి 3 శుక్రవారం వచ్చింది. కొంచెం గ్యాస్ ఉందంది, కొత్త పీచుకు అది మామూలే. తిన్నాక చూసే షుగర్ దిగుతోంది. పుండు 1.8 కి వచ్చింది. పుస్తకంలో పక్కన చిన్నగా 'మంచిది' అని రాసుకున్నాను. నేను అలాంటివి తరచుగా రాయను.

ఫిబ్రవరి 10 శుక్రవారం ఆమె మెట్ల మీద రెండుసార్లు కూర్చుని పైకొచ్చింది. పొట్ట డోలులాగా ఉబ్బిపోయింది. బొడ్డు చుట్టూ మెలిపెట్టినట్టు నొప్పి, రెండు రోజులుగా మల విసర్జన లేదు. ఏం తిన్నావంటే నేను రాసిచ్చిందే చెప్పింది, గ్రాములతో సహా. పుస్తకం తిరగేశాను. తిండి మారలేదు, మందు మారలేదు. పని గడిలో జనవరిలోనూ కూలి, ఇప్పుడూ కూలి. మూడు వారాలు పడిన తిండి నాలుగో వారంలో ఎందుకు పడదో నాకు అర్థం కాలేదు. నాలుగు రోజులు చూద్దామన్నాను.

ఫిబ్రవరి 17న నాలుగు రోజుల మలబద్ధకంతో వచ్చింది. మలబద్ధకానికి పుస్తకాల్లో మొదటి జవాబు పీచు పెంచమనే. డాక్టరు గారు ఇసబ్‌గోల్ కలిపారు. అది ఒక గింజ పొట్టు, రాత్రి పడుకునే ముందు రెండు చెంచాలు గ్లాసెడు నీళ్లలో కలిపి తాగాలి. ఎవరికైనా మరునాడు పొద్దునకు పని చేస్తుంది. గంగమణికి మరునాటి నుంచి నొప్పి రెట్టింపైంది.

ఫిబ్రవరి 24న పచ్చగా వాంతి చేసుకుని వచ్చింది. షుగర్ మాత్రల్లో ఒకటి కడుపు ఉబ్బిస్తుంది కాబట్టి డాక్టరు గారు దాన్ని మార్చారు. నిజామాబాదు పంపి స్కానింగు చేయించారు. గడ్డ లేదు, రాయి లేదు, పేగుల్లో గ్యాస్, గట్టిబడ్డ మలం ఉన్నాయని రిపోర్టు వచ్చింది. పదహారు గ్రాముల పీచు, పైన ఇసబ్‌గోల్ తినే మనిషి పేగుల్లో మలం గట్టిబడి ఉండడం ఏమిటో డాక్టరు గారికీ తోచలేదు, నాకూ తోచలేదు. ఇంకో వారం ఇలాగే నడిస్తే పేగు మూసుకుపోవచ్చు, అప్పుడు అడ్మిట్ చేయాల్సిందేనని ఆయన నాతో విడిగా అన్నారు. నా పుస్తకాన్ని ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి చదివాను. అన్ని గడులూ నిండి ఉన్నాయి. జవాబు మాత్రం ఏ గడిలోనూ లేదు.

ఏ రోజు నొప్పి ఎలా ఉందో ఆమె చెప్పినదాంట్లో ఒకటి మాత్రం కనిపించింది. ఆదివారాలు నొప్పి తక్కువ. సోమవారం నుంచి పెరిగి శుక్రవారానికి ముదురుతుంది. ఆదివారం కూడా అదే కొర్రల ఉప్మా, అవే మొలకలు. వారం చూసుకుని వచ్చే కడుపు నొప్పి గురించి నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. ముప్పై ఏళ్ల అలవాటు చొప్పున నాకు తోచింది ఒక్కటే, పేషెంటు ఏదో దాస్తోంది.

మార్చి 1 బుధవారం ఆమె తనంతట తానే వచ్చింది. కుర్చీలో కూర్చోలేక గోడకు ఆనుకుని నిలబడింది.

"సిస్టరమ్మా, నాతోని గాదు. రేపటి సంది మల్ల సద్దన్నమే తింట. ఏలు పోతే పోనియ్యి. కడుపుల నొప్పితోని సచ్చేకంటే ఏలు లేకుండ బతుకుత," అంది.

ఆ రోజు పుండు 1.1 సెంటీమీటర్లు. సగానికి వచ్చింది. ఇంకో ఐదారు వారాలు నడిస్తే మూసుకుంటుంది. సద్దన్నానికి తిరిగి వెళితే ఏమవుతుందో నాకు తెలుసు, ఆమెకు తన అన్న వల్ల ఇంకా బాగా తెలుసు. తెలిసి ఆ మాట అంటోందంటే నొప్పి ఎంతో ఊహించుకోవాలి. నేను ఊహించుకోలేదు. నువ్వు కూలికి పోయే పసుపు గోదాం దగ్గర మిర్చి బజ్జీల బండి ఉంటుందట కదా, అందరూ తింటుంటే నువ్వూ తింటున్నావా అని అడిగాను. అడిగిన గొంతు కూడా మంచిది కాదు.

ఆమె నా బల్ల మీది స్టీలు గ్లాసు వైపు వేలు చూపించింది.

"నీ గిలాసతోనే కొలిచిన, నువ్వు జెప్పిన టయానికే తిన్న. నా మాట మీద నీకు నమ్మకం లేకుంటే రేపు గోదాంకు రా. పొద్దుగాల సంది పొద్దుమూకెదాంక నా పక్కకే కూసో. నేనేం తింటున్ననో నీ కండ్లతోనే సూడు. గప్పుడు రాసుకో."

కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది. వస్తానన్నాను. దానికి ముందు, నా పద్ధతి ప్రకారం చివరి ప్రశ్న ఒకటి అడిగాను.

"నీళ్లు తాగుతున్నవా?"

"తాగుతున్న."

పుస్తకం అంచున టిక్కు పెట్టాను. వెనక్కి తిప్పి చూస్తే ప్రతి వారం అదే ప్రశ్న, అదే జవాబు, అదే టిక్కు.

మార్చి 2, గురువారం. ఎనిమిదిన్నరకు ఆ పసుపు గోదాంకు చేరాను. పసుపు సీజను ఊపులో ఉంది. ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టిన పసుపు కుప్పలుగా పోసి ఉంది. పదకొండు మంది ఆడవాళ్లు చాటలు ముందర పెట్టుకుని అర్ధచంద్రంలాగా కూర్చున్నారు. పొడుగు కొమ్ములు ఒక దిక్కు, గుండ్రటి గోళ ఒక దిక్కు, పనికిరానిది ఇంకో దిక్కు ఏరుతున్నారు. పసుపు దుమ్ము లేచి ఎండలో నిలబడుతోంది. పావుగంటలో నా తెల్లచీర అంచు పచ్చబడింది, గొంతు పట్టుకుంది. గంగమణి నాకు ఒక గోనెసంచి మడిచి వేసింది. తన చాట ముందరికి లాక్కుంది.

అక్కడ పెద్ద దిక్కు రాజవ్వ. వయసు అరవై దాటి ఉంటుంది, నోరు మాత్రం పదునుగానే ఉంది. మమ్మల్ని చూసి, గంగమణి ఎంత దొంగో చూడడానికి సర్కారు మనిషిని తెప్పించుకుందని అందరికీ వినబడేలా చెప్పింది. నేను సర్కారు మనిషిని కాను, రిటైరయ్యానని చెప్పాను. అయితే పింఛను తీసుకుంటూ మా తిండి మీద పడ్డావా అంది. అందరూ నవ్వారు. గంగమణి కూడా పెదవి బిగించుకుని నవ్వింది. అదే ఆ రోజు నాకు దొరికిన మొదటి ఊరట.

గంగమణి ఇంట్లో తిని వచ్చింది. ఆమె పక్కన లీటరు నీళ్ల సీసా నిండుగా ఉంది. అలవాటు కొద్దీ బాల్‌పెన్నుతో నీళ్ల మట్టం దగ్గర ఒక గీత పెట్టి 8-40 అని రాశాను. తర్వాత ఆమె నోటిని చూస్తూ కూర్చున్నాను. పదిన్నర దాకా ఏమీ తినలేదు. పొట్ట ఉబ్బడం మాత్రం నా కళ్ల ముందే జరిగింది. చాట పక్కన పెట్టి రెండుసార్లు ముందుకు వంగింది. బజ్జీల బండి వచ్చింది, పోయింది. ఆమె తల ఎత్తి కూడా చూడలేదు. నా అనుమానం ఆ గోనెసంచి మీదే చచ్చిపోయింది. దాని చోట్లో పెట్టుకోవడానికి నా దగ్గర ఇంకోటి లేదు. దుమ్ము వల్లనా అనుకున్నాను, కాని అందరూ అదే దుమ్ములో ఉన్నారు. వంగి కూర్చోవడం వల్లనా అనుకున్నాను, జనవరిలో బాయికాడ చేలో కూడా వంగే పని చేసింది.

అక్కడ ఆగి ఆమెను అడిగాను, గోదాంకు ఎప్పటి నుంచి వస్తున్నావని. ఫిబ్రవరి 6 సోమవారం నుంచి అంది. అంతకుముందు బాయికాడ పసుపు తవ్వేది. నొప్పి నాకు మొదట చెప్పింది 10న. నా పుస్తకంలో రెండు పనులకూ కూలి అనే రాసి ఉంది. తిండిని గ్రాముల్లో రాసిన నేను పనిని రెండక్షరాల్లో రాశాను. తేదీ దొరికింది, కాని ఆ తేదీ ఏం చెబుతోందో ఇంకా తెలియలేదు. చేలో ఉన్నది, గోదాంలో లేనిది ఏది?

జవాబు నా కడుపులోంచే వచ్చింది. నాకు బీపీ ఉంది. పొద్దున వేసుకునే మాత్ర మూత్రం ఎక్కువ చేస్తుంది. పదకొండుకు పది నిమిషాలు తక్కువలో నేను రాజవ్వ దగ్గరికి వంగి, బాత్రూం ఎక్కడని అడిగాను.

చాటలు ఆగిపోయాయి. ఒకరి మొఖాలు ఒకరు చూసుకున్నారు. రాజవ్వ పెద్దగా నవ్వింది.

"గిప్పుడు తెలుస్తది సిస్టరమ్మకు, గోదాం అంటే ఏందో."

వెనక మూలకు ఒక గది ఉంది. రేకు తలుపు. తలుపుకు గొళ్లెం లేదు, అది పెట్టే చోట నాలుగు తుప్పు రంధ్రాలు ఉన్నాయి. ఎదురుగా పది అడుగుల్లో లారీలు తిరిగే జాగా. హమాలీలు బస్తాలు మోసి మోసి చాయ్ తాగడానికి కూర్చునేది సరిగ్గా ఆ గోడ నీడకే. వాళ్లది తప్పు కాదు, అక్కడ తప్ప నీడ లేదు. గంగమణి, రాజవ్వ తలుపు దగ్గర గోనెపట్టా ఒకటి అడ్డం పట్టుకుని నిలబడ్డారు. డెబ్బైకి దగ్గర పడిన నేను, పట్టా సందులోంచి కనిపించే హమాలీల కాళ్లను లెక్కపెడుతూ కూర్చున్నాను. ఆరు జతలు.

బయటికి వచ్చి, మీరు రోజంతా ఎలా చేస్తారని అడిగాను.

"పొద్దుగాల ఇంటికాడ. మల్ల పొద్దుమూకినంక ఇంటికాడ," అంది రాజవ్వ.

"నడుమ?"

"నడుమ లేదు. నీళ్లు తాగితే గద నడుమ. మేం తాగం. గిది గోదాం ఒక్కపొద్దు."

ఒక్కపొద్దు అంటే మా దిక్కు దేవునికి ఒక్కపూట తిని ఉండే ఉపవాసం. ఇక్కడ అది నీళ్లకు. రోజుకు ఒక్కసారి, ఇల్లు చేరాక తాగుతారు. కొత్తగా చేరిన మనిషికి చాట పట్టడం కంటే ముందు రాజవ్వ నేర్పేది ఇదేనట. తెల్లారాక నోట్లో నీళ్లు పోసుకోకు, పోసుకుంటే నీ తిప్పలు నీవి అని. పన్నెండు సీజన్లుగా గంగమణి ఇలాగే చేస్తోంది. సద్దన్నంలో నీళ్లు ఉంటాయి కాబట్టి, పీచు తక్కువ కాబట్టి, అన్నేళ్లూ శరీరం ఓర్చుకుంది. చేలో గట్టు ఉంది, చెట్టు చాటు ఉంది, కాబట్టి జనవరిలో తాగింది. ఫిబ్రవరి 6 నుంచి, నేను రాసిచ్చిన పదహారు గ్రాముల పీచు ఎండిన పేగుల్లోకి పోతోంది. ఆదివారం ఇంట్లో ఉండి తాగేది కాబట్టి ఆ ఒక్కరోజు నొప్పి తగ్గేది.

"మరి ఇసబ్‌గోల్ గ్లాసెడు నీళ్లలో కలుపుమన్నం కదా?" అన్నాను.

"రాత్రి యాది మరుస్తున్న. పొద్దుగాల ఏసుకుంటున్న. గిలాసెడు నీళ్లు తాగి గోదాంకు ఎట్ల రావాలె? రెండు చెంచాల పెరుగుల కలుపుకొని మింగిన."

రెండు చెంచాల పెరుగులో రెండు చెంచాల ఇసబ్‌గోల్. అది లోపల ఏమై ఉంటుందో నాకు తెలుసు. నీళ్లు దొరకక పేగులో జిగురు ముద్దై గట్టిబడి ఉంటుంది.

"నేను ప్రతి వారం అడిగిన గదనే గంగమణీ, నీళ్లు తాగుతున్నవా అని."

"తాగుతున్న అని చెప్పిన గద. ఇంటికి పోంగనే చెంబెడు తాగుత. నువ్వు ఎప్పుడని అడగలే, ఎన్ని అని అడగలే."

సాయంత్రం ఆరుకు ఆమె సీసాలో నా గీత కింద రెండు వేళ్ల మేర తగ్గింది. మధ్యాహ్నం ఇంటి నుంచి కట్టుకొచ్చిన సద్ది తిన్నాక చేతులకు అంటిన పసుపు కడుక్కుని, నోరు పుక్కిలించిన నీళ్లు అవి. ఒక్క గుక్క కూడా లోపలికి పోలేదు. సీసా మిగతాది ఎందుకు మోసుకొస్తావంటే, ఎవరికైనా కళ్లు తిరిగితే మొఖం మీద చల్లడానికి అంది.

అదే రోజు గోదాం యజమానిని కలిశాను. సేటు మర్యాదస్తుడే. నాకు కుర్చీ వేయించాడు. సంగతి చెబితే నిజంగానే అయోమయంగా చూశాడు.

"రూం ఉన్నది గదమ్మా. నేనే కట్టించిన. ఇన్నేండ్లల్ల గొళ్లెం లేదని ఒక్కరు నా దగ్గరికి రాలే."

ఆ మాట ఏ ఆడది వచ్చి అడుగుతుంది సేటూ అన్నాను. రేపే పెట్టిస్తానన్నాడు. ఆ రేపు నాలుగు రోజులైనా రాలేదు. చివరికి రాజవ్వ తన ఇంట్లో ఖాళీగా ఉన్న మేకల కొట్టం తలుపుకున్న గొళ్లెం ఊడదీసి తెచ్చింది. బస్తాలు మోసే హమాలీతోనే దాన్ని బిగింపించింది. అతను సుత్తి పట్టుకుని, ఇన్ని దినాలు మేము ఇక్కడ కూర్చుంటే చెప్పొద్దా అవ్వా, జరిగి కూర్చునేటోళ్లం కదా అన్నాడట. చాయ్ జాగా లారీ అవతలికి మారింది. ఇది మార్చి 7 మంగళవారం.

ఇంతవరకు నా లెక్క సరిగ్గానే ఉంది. ఇక్కడి నుంచి కొంచెం తప్పుతుంది.

మార్చి 3న గంగమణిని డాక్టరు గారు పరీక్షించి, ఇసబ్‌గోల్ ఆపి, పేగు ఖాళీ అవడానికి మందు ఇచ్చారు. నేను పీచును ఆరు గ్రాములకు తగ్గించి, వారానికి మూడు గ్రాముల చొప్పున పెంచేలా కొత్త కాగితం రాశాను. అవిసె పొడి అర చెంచా. మొలకలు ఉడికించి తినమన్నాను. నీళ్లు నిద్రలేవగానే ఒక గ్లాసు, తిండితో ఒకటి, గోదాంలో మూడు, ఇంటికి వచ్చాక మూడు. ఇవన్నీ ఒకే వారంలో జరిగాయి. మార్చి 10 శుక్రవారం ఆమె మెట్లు ఆగకుండా ఎక్కింది. మార్చి 17న నొప్పి లేదంది.

ఏది పని చేసిందమ్మా అని డాక్టరు గారు అడిగారు. తెలియదన్నాను. నీళ్లా, పీచు తగ్గించడమా, మాత్ర మార్చడమా, ఇసబ్‌గోల్ ఆపడమా, పేగు ఖాళీ చేసిన మందా, ఐదూ కలిసా? ఒక్కొక్కటిగా మార్చి చూసే వ్యవధి ఆ పేగుకు లేదు. నీళ్లే అని చెప్పాలని ఎంత ఉన్నా నా పుస్తకం ఆ మాటకు సంతకం పెట్టదు. ఎందుకంటే గొళ్లెం పడ్డాక కూడా ఆమె సీసా సగం నిండుగానే ఇంటికి వచ్చేది. పన్నెండు సీజన్ల భయం ఒక గొళ్లేనికి పోదు. "అలవాటు గావాలె గద సిస్టరమ్మా, నోటికి గాదు, పానానికి," అంది ఒకసారి. రాజవ్వ అయితే గొళ్లెం తెచ్చింది కాని, ఈ వయసులో తనకెందుకని ఒక్కపొద్దు విడవలేదు.

ఏప్రిల్ 19న హెచ్‌బిఎ1సి 7.6 వచ్చింది. ఏప్రిల్ 21 శుక్రవారం స్కేలు పెట్టబోతే కొలవడానికి పుండు లేదు. కొత్త చర్మం గులాబీ రంగులో మెరుస్తోంది. గంగమణి వేలిని తానే రెండుసార్లు ఆడించి చూసుకుంది. ఆ గడిలో సున్నా వేశాను.

తర్వాత పుస్తకంలో రెండు కొత్త గడులు గీశాను. మొదటి దాంట్లో నీళ్లు, ఎన్ని గ్లాసులు, ఏ టైముకు. రెండో దాంట్లో పని చేసే చోట బాత్రూం ఉందా, గొళ్లెం ఉందా. రెండో ప్రశ్న అడిగితే ఆడవాళ్లు మొదట నన్ను వింతగా చూస్తారు. తర్వాత చాలా చెబుతారు. బడిలో పాఠం చెప్పే టీచరమ్మ, బట్టల దుకాణంలో నిలబడే పిల్ల, బస్సులో టికెట్లు కొట్టే ఆమె. పసుపు గోదాం ఒక్కటే కాదు.

ఈ కేసు నాకు ఏం నేర్పిందని ఎవరైనా అడిగితే గడుల సంగతి చెబుతాను. ఒకటి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

సబ్ సెంటర్‌లో చేసిన పదకొండు ఏళ్లు నేను పొద్దున షేర్ ఆటో ఎక్కే ముందు నీళ్లు ముట్టేదాన్ని కాదు. ఆ సెంటరు ఒక గది, ఒక బల్ల. వెనక ఏమీ లేదు. సాయంత్రం ఇంటికి వచ్చి చెంబు ఎత్తి గటగటా తాగేదాన్ని. తర్వాత కిడ్నీలో రాయి వచ్చింది. ఆపరేషనుకు చేర్చుకునేటప్పుడు అక్కడి నర్సు, నాకంటే చిన్నది, కాగితం మీద పెన్ను పెట్టి అడిగింది, "నీళ్లు తాగుతారా మేడం?"

తాగుతానని చెప్పాను. ఆమె టిక్కు పెట్టుకుంది. నేను అబద్ధం చెప్పానని ఆ రోజు నాకు అనిపించలేదు, ఈ రోజూ అనిపించదు.